‘ఈనగాచి నక్కల పాలు’లో కాచి అంటే?

మాస్టారూ, ‘ఈనగాచి నక్కల పాలు చేసినట్టు’ అన్నానని మా అమ్మాయి “నక్కపాలు కాచడమా నాన్నా?” అని అడిగింది. మేం మద్దిలపాలెంలో అపార్ట్‌మెంట్‌లో ఉంటాం. ఆవు ఈనడం నేనూ చూడలేదు. కాస్త చెప్పరూ?

— అమ్మాయి మంచి ప్రశ్నే అడిగిందండీ. ఇక్కడ కాచేది పాలు కాదు, ఆవుని. ఈనన్ + కాచి, సరళాదేశంతో ‘క’ కాస్తా ‘గ’ అయింది. గొడ్లు కాయడం, చేను కాయడం అంటామే, ఆ కాపలా మాటే ఇది. ‘పాలు’ అన్నా తాగేవి కాదు, వంతు. దొంగల పాలైంది, నీటి పాలైంది అంటాం చూడండి. అంటే ఈనేదాకా కాపలా కాసి, తీరా నక్కలకి వదిలేసినట్టు.

అసలు ఆ కాపలా ఎందుకో తెలిస్తేనే సామెత బరువు తెలుస్తుంది. ఆవు చూడి దాదాపు 280 రోజులు. రోజులు దగ్గరపడేసరికి పొదుగు నిండి బిగుస్తుంది, తోక మొదట్లో రెండు పక్కలా గుంటలు పడతాయి, వెనకనుంచి తీగలా జిగట సాగుతుంది. ఇక ఆ పూట వచ్చిందంటే మేత వదిలేస్తుంది. పడుకుంటుంది, లేస్తుంది, తల తిప్పి డొక్కకేసి చూసుకుంటుంది, తోక ఎత్తిపెడుతుంది. వీలైతే మంద వదిలి ఒంటరిగా పోతుంది. అదే ప్రమాదం.

మాది ఆనందపురం పక్క పల్లె. ఒకసారి సాయంత్రం మంద ఇంటికొచ్చింది, మా ఎర్రావు రాలేదు. నాన్న లాంతరు పట్టుకుని జీడితోటలన్నీ వెతికారు, నేను వెనకాల. కొండవాలున నక్కల కూతలు. ఒక చెట్టు మొదట్లో దొరికింది. దూడ ఇంకా తడిగా ఉంది, తల్లి నాకుతోంది. నాన్న కళ్లనీళ్లు పెట్టుకోవడం నేను అప్పుడే చూశాను. తొమ్మిది నెలలు సాకి ఆ ఒక్క పూట ఏమరితే ఏమయ్యేదో ఆయనకి తెలుసు. అందుకే ‘పెంచి’, ‘మేపి’ అనకుండా ‘ఈనగాచి’ అన్నారు మనవాళ్లు.

— ఇప్పుడు అర్థమైంది మాస్టారూ. మరి సింహాచలం గిరి ప్రదక్షిణనాడు ‘నేల ఈనినట్టు జనం’ అంటారు, అదీ ఈ మాటేనా?

— అదేనండీ. వరి కూడా ఈనుతుంది, పొట్ట పగిలి వెన్ను బయటికొచ్చినప్పుడు. నేలకీ పైరుకీ ఆవుకీ ఒకటే క్రియ. అమ్మాయికి ఈసారి పొట్టమీదున్న వరిచేను చూపించండి.