ప్రొఫెసర్ లేటన్ మొదటి ఆట: రివ్యూల్లో 85, మా అమ్మాయి మాత్రం సగంలో వదిలేసింది

నంద్యాల నాన్న (మారతహళ్ళి, బెంగళూరు):

అందరికీ నమస్కారం. మా బావమరిది అమెరికా నుంచి వస్తూ చేతిలో పట్టుకుని ఆడుకునే తన పాత నింటెండో డీఎస్, దాంతోపాటు ‘ప్రొఫెసర్ లేటన్ అండ్ ద క్యూరియస్ విలేజ్’ క్యాసెట్ తెచ్చి మా అమ్మాయికిచ్చాడు. ఒక వింత ఊళ్ళో కనబడ్డవాళ్ళందరూ అడిగే పజిళ్ళు విప్పుకుంటూ కథలో ముందుకెళ్ళే ఆట ఇది. ఆరో తరగతి చదువుతోంది. పది రోజులు తండ్రీకూతుళ్ళం అన్నం తినేటప్పుడు కూడా ఆ ఊరి గురించే మాట్లాడుకున్నాం. ఇప్పుడు ఆ డీఎస్ వారం నుంచి బీరువా మీద పడి ఉంది.

ఏమైందంటే, సీసాలో క్రిముల లెక్క ఒకటి వచ్చింది. ఒక్క క్రిమి వేస్తే నిమిషానికోసారి రెట్టింపవుతూ గంటలో సీసా నిండుతుంది. మొదటే రెండు వేస్తే ఎంతసేపట్లో నిండుతుంది? అమ్మాయి ఆలోచించకుండా 30 నిమిషాలని రాసింది. తప్పు. 45 అని రాసింది. అదీ తప్పు. జవాబు 59, ఒక్కటి రెండవడానికి పట్టే మొదటి నిమిషమే తగ్గుతుంది. ఎందుకో చెబితే అర్థమైంది కానీ, రెండు తప్పులకు పికరాట్లు (ఆటలో వచ్చే పాయింట్లు) తగ్గిపోయాయని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆ వెంటనే ఇంకో తిరకాసు ప్రశ్న. లెక్క వేస్తే రాదు, ప్రశ్నలో ఒక మాట పట్టుకుంటే వస్తుంది. ‘ఇది మోసం నాన్నా’ అని మూత పెట్టేసింది.

సరే, లోకం ఏమంటోందో చూద్దామని కూర్చున్నాను. 2008లో అమెరికాలో వచ్చినప్పటి రివ్యూలు బాగా మెచ్చుకున్నాయి, రివ్యూలన్నీ కలిపి మార్కులిచ్చే మెటాక్రిటిక్ సైటులో వందకి 85. బొమ్మలు, ఆ అకార్డియన్ సంగీతం, మధ్యలో వచ్చే కార్టూన్ సీన్లు, అన్నీ నచ్చాయి వాళ్ళకి. ఆడినవాళ్ళ మాటలు చూస్తే మాత్రం కొందరిది ఒకటే ఫిర్యాదు: కథకీ పజిళ్ళకీ పొంతన లేదు. ఊళ్ళోవాణ్ణి దారి అడిగితే అగ్గిపుల్లల లెక్క ఇస్తాడు, పిల్లి ఎక్కడికి పోయిందంటే ఇంకో లెక్క ఇస్తాడు. పైగా ఒకసారి విప్పాక మళ్ళీ ఆడటానికేమీ ఉండదంటారు. నాకు రెండూ నిజమే అనిపిస్తున్నాయి. ఇది మాకు చాలా ఇష్టమైన పది రోజులు, అలా వదిలేయబుద్ధి కావట్లేదు. పూర్తి చేసినవాళ్ళెవరైనా చెప్పండి, మిగతా సగం ఆడదగ్గదేనా?

పాత డీఎస్ (వైట్‌ఫీల్డ్):

అన్నా, పూర్తి చేయించండి. దయచేసి.

‘పొంతన లేదు’ అన్న మాట రివ్యూ రాసినవాళ్ళు కూడా కొందరు అన్నారు, ఆటగాళ్ళు కొత్తగా కనిపెట్టింది కాదు. కానీ ఆ మాట ఈ మొదటి ఆటకి అంత సరిగ్గా అతకదు. ఆ ఊళ్ళో కనబడ్డ ప్రతివాడూ పజిల్ ఎందుకు అడుగుతాడో చివర్లో కారణం తెలుస్తుంది. అంతకంటే ఒక్క ముక్క కూడా చెప్పను. నేను 2009లో ఆడాను, ఆ సీన్ చూశాక మొదటి రోజు నుంచి ఊళ్ళో మాట్లాడిన వాళ్ళందరినీ ఒక్కొక్కరిగా గుర్తు చేసుకుంటూ రాత్రి నిద్రపోలేదు. సగంలో ఆపినవాళ్ళకి ఆ ఫిర్యాదు ఫిర్యాదుగానే మిగిలిపోతుంది, నా బాధల్లా అదే.

పికరాట్ల గురించి అమ్మాయికి చెప్పండి: అవి తగ్గినా కథ ఆగదు. చివర్లో తెరుచుకునే బోనస్‌ల కోసమే అవి. కొన్నిచోట్ల ఇన్ని పజిళ్ళు విప్పితేనే ముందుకి పంపుతారు కానీ, అక్కడ చూసేది ఎన్ని విప్పామన్నదే. దారిలో వదిలేసిన పజిళ్ళు కూడా ఎక్కడికీ పోవు, ఒక ముసలమ్మ తన గుడిసెలో దాచిపెడుతుంది.

ఒక లోపం మాత్రం నిజంగా ఉంది. తెర మీద రాసుకోవడానికి చోటివ్వలేదు, ఆ సదుపాయం రెండో ఆటలో వచ్చింది. అందుకని పక్కన చిత్తుకాగితాల పుస్తకం ఒకటి పెట్టండి. నాది ఇంకా ఉంది, 200 పేజీల లాంగ్ బుక్కు, సగం గళ్ళు, సగం బాణం గుర్తులు.

ఇంకొకటి. క్యాసెట్ అమెరికా నుంచి వచ్చిందన్నారు కాబట్టి నిశ్చింత. నేను మొదట ఇక్కడే ఒక సెకండ్ హ్యాండ్ షాపులో కొన్నాను. నలభై పజిళ్ళయ్యాక ఒకరోజు ఆన్ చేస్తే సేవ్ మొత్తం మాయం. నకిలీది అంటగట్టారు. వెనక్కి తీసుకోమంటే తీసుకోలేదు. మళ్ళీ మొదటి నుంచి ఆడాను. ఇదంతా చదివి కొనాలనుకునేవాళ్ళు ఉంటే, 2018లో ఫోన్లకి కూడా వచ్చింది, అది తీసుకోండి.

లెక్కల టీచర్ (కేఆర్ పురం):

నంద్యాల నాన్న గారూ, మాది మదనపల్లె. ఇక్కడ స్కూల్లో లెక్కలు చెబుతాను.

మీ అమ్మాయి ‘మోసం’ అన్న పజిళ్ళ వెనక ఒక మనిషి ఉన్నారు. అకిరా టాగో అని జపాన్‌లో మనస్తత్వ శాస్త్ర ప్రొఫెసర్ ఉండేవారు, 1966 నుంచి పజిల్ పుస్తకాలు వేశారు. ఈ ఆట తయారుచేసిన లెవెల్-5 కంపెనీ పెద్ద అకిహిరో హినో చిన్నప్పుడు అవి చదివి పెరిగినవాడు, అందుకే ఆయన్నే అడిగి ఈ ఆటకి పజిళ్ళు పెట్టించుకున్నాడు. మనసు ఎక్కడ తొందరపడుతుందో తెలిసిన మనిషి రాసినవి కదా. మీ అమ్మాయి 30 అని రాసింది చూడండి, సరిగ్గా అక్కడే ఆ ప్రశ్న ఆగి కూర్చుంది. నా దృష్టిలో అది మోసం కాదు. రెట్టింపు అన్న మాట చదివి కూడా మనం సగం అని వినేస్తాం.

మళ్ళీ ఆడటానికేమీ ఉండదన్న మాట కూడా నేను ఒప్పుకోను. తోడేళ్ళు, కోడిపిల్లల పజిల్ మీకు మొదట్లోనే వచ్చి ఉంటుంది. మన పులి, మేక, గడ్డిమోపు కథకి అక్క లాంటిది. మూడు తోడేళ్ళు, మూడు కోడిపిల్లలు, తెప్ప మీద రెండే పడతాయి, కోడిపిల్లలున్న ఏ ఒడ్డునా వాటికంటే తోడేళ్ళు ఎక్కువ కాకూడదు. డీఎస్ మీద అటూ ఇటూ నొక్కుతూ పోతే ఎలాగోలా దాటిపోతాయి. అదే తెర లేకుండా చేయమనండి. 11 సార్లలో అయిపోవాలి. ఆరోసారి ఒక తోడేలునీ ఒక కోడిపిల్లనీ కలిపి వెనక్కి తేవాలి. మా క్లాసు పిల్లలందరూ ఆగేది అక్కడే, ‘దాటించినవాటిని వెనక్కి తేవడమేంటి మిస్?’ అంటారు. ఈ చివరి మాట అమ్మాయికి చెప్పకండి.

గళ్ళ బాధితుడు (బీటీఎం):

నేను పూర్తి చేశాను, నచ్చింది కూడా. అయినా ఒక మాట చెప్పాలి. గళ్ళలో చెక్కలు జరిపే పజిళ్ళు ఈ ఆటకి సరిపడవు. మిగతావాటిలో ఒక్క ఆలోచన తడితే ముడి విడిపోతుంది. ఇవి ఓపిక పరీక్షే. వాటి హింట్లు కూడా ఏం పనికిరాలేదు నాకు, హింటుకో నాణెం చొప్పున మూడు నాణేలూ ఖర్చుపెట్టాక మొదలుపెట్టిన చోటే ఉన్నాను. నాణేలు ఎన్నంటే అన్ని దొరకవు, ఊరంతా గోడలూ దీపాలూ తట్టి వెతుక్కోవాలి. పాపని వాటి జోలికి ఇప్పుడే పంపకండి. కథ చివర్లో ఏముందన్న విషయంలో మాత్రం పాత డీఎస్ గారితో నేనూ ఏకీభవిస్తాను.

నంద్యాల నాన్న:

అందరికీ చాలా థాంక్స్. ఆదివారం సిల్క్ బోర్డు దగ్గర మా అక్కయ్య వాళ్ళింటికి 500డీ బస్సులో వెళ్ళాం. డీఎస్ తీసుకెళ్ళలేదు. అమ్మాయి బ్యాగు ఒళ్ళో పెట్టుకుంటే దాని మీద మూడు రూపాయి బిళ్ళలు, మూడు రెండు రూపాయల బిళ్ళలు పేర్చాను. రూపాయలు కోడిపిల్లలు. జిప్పు నది.

ఇబ్బలూరు దగ్గర బస్సు ఆగిపోయింది, ఎప్పటిలాగే. అప్పటికి నాలుగుసార్లు తోడేళ్ళు తినేశాయి. టీచర్ గారూ, మీరన్నట్టు ఆరోసారి దగ్గరే ఆగింది. నేను నోరు మెదపలేదు. నాలుక మీద దాకా వచ్చింది, చాలా కష్టమైంది. అగర దాటుతుంటే ఒక రూపాయి, ఒక రెండు రూపాయలు కలిపి వేలితో నెమ్మదిగా వెనక్కి జరిపి నా వైపు చూసింది. నేనేమీ అనకముందే మిగతా అయిదూ చకచకా పూర్తి చేసేసింది.

ఇంటికొచ్చాక డీఎస్ తనే దించుకుని ఛార్జింగ్ పెట్టింది. పాత డీఎస్ గారూ, 200 పేజీల పుస్తకం కొన్నాం. మొదటి పేజీలో క్రిముల సీసా గీసి, పక్కన 59 అని రాసుకుంది.