ఎండలో పడుకోవడం, ట్యానింగ్ బెడ్లు, విటమిన్ డి: విశాఖవాసుల చర్చ

ఉక్కునగరం గృహిణి:
అందరికీ నమస్కారం. మా అమ్మాయి అమెరికాలో చదువుకుంటోంది. తానుండే అపార్ట్‌మెంటు జిమ్‌లో ట్యానింగ్ బెడ్ (దీపాల కాంతితో చర్మం రంగును ముదురు చేసే పడక) ఉందట, అద్దెదారులకు అది ఉచితమట. రక్తపరీక్షలో విటమిన్ డి తక్కువగా ఉందని తేలడంతో, చలికాలమంతా ఆ బెడ్‌లో పడుకుంటే సరిపోతుందని స్నేహితురాళ్లు చెబుతున్నారు. ఇక్కడ మావారికీ అదే లోపం ఉంది. ఋషికొండ ఇసుకలో మిట్టమధ్యాహ్నం చొక్కా విప్పి గంటసేపు పడుకోమని ఆయన సహోద్యోగి ఒకరు సలహా ఇచ్చారు. మనది చామనఛాయ కనుక ఏమీ కాదని తండ్రీకూతుళ్లిద్దరి ధైర్యం. తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

విశ్రాంత నర్సు:
అమ్మా, నేను చర్మవ్యాధుల వార్డులో చాలాకాలం పనిచేశాను. చర్మం విటమిన్ డి తయారు చేసుకోవడానికి కావలసినవి ఎండలోని అతినీలలోహిత (యూవీ) కిరణాలలో యూవీ-బీ అనే రకం. ఆ బెడ్లలోని దీపాల నుంచి వెలువడేవి అత్యధికంగా యూవీ-ఏ కిరణాలు, ఇవి చర్మం లోతుకు చొచ్చుకుపోయి రంగును ముదురు చేస్తాయి, ముడతలు తెస్తాయి, కణాలలోని డీఎన్ఏను దెబ్బతీస్తాయి తప్ప విటమిన్ విషయంలో పెద్దగా అక్కరకు రావు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2009లో ఈ పరికరాలను, పొగాకు అప్పటికే ఉన్న మొదటి వర్గపు (క్యాన్సర్ తెస్తాయని రుజువైన) కారకాలలో చేర్చింది, సూర్యకిరణాలను 1992లోనే ఆ వర్గంలో చేర్చింది. చిన్న వయసులో మొదలుపెట్టినవారికి మెలనోమా అనే ప్రమాదకరమైన చర్మ క్యాన్సర్ ముప్పు ఎక్కువ. అమ్మాయిని ఆ గది తలుపు కూడా తీయవద్దనండి.

మీవారి విషయం కొంత వేరు. మధ్యాహ్నపు ఎండలో యూవీ-బీ నిజంగానే ఉంటుంది, అయితే చర్మంలో తయారయ్యే విటమిన్ డి ముడిపదార్థం ఒక హద్దు దాటాక అదే ఎండకు నిరుపయోగమైన రూపాలలోకి మారిపోతుంది కనుక గంటసేపు మాడినంత మాత్రాన విటమిన్ రెట్టింపు కాదు. చేతులూ కాళ్లూ కాసేపు ఎండకు చూపి నీడకు వచ్చేయడం మేలు. లోపం ఎక్కువగా ఉంటే వైద్యుడు 60,000 యూనిట్ల సాచెట్లు వారానికొకటి చొప్పున కొన్ని వారాలు రాస్తారు. వాటిని ఇష్టమొచ్చినంత కాలం కొనుక్కుని వాడితే రక్తంలో కాల్షియం పెరిగి మూత్రపిండాలకు చేటు.

మధురవాడ మాస్టారు:
ఆరోగ్యం భాస్కరుణ్ణే అడగాలని పెద్దలన్నారు. రథసప్తమికి జిల్లేడాకులు తలమీద పెట్టుకుని స్నానం చేసి, అరసవల్లి వెళ్లి వచ్చే కుటుంబం మాది. ఉదయపు లేత ఎండతో విటమిన్ రాదంటారా?

విశ్రాంత నర్సు:
మాస్టారూ, సూర్యుడు దిగువన ఉన్నప్పుడు కిరణాలు వాతావరణంలో ఎక్కువ దూరం ప్రయాణించి రావడంతో యూవీ-బీ చాలావరకు దారిలోనే వడకట్టుకుపోతుంది. లేత ఎండలో నడక మంచిదే, విటమిన్ కోసం దాని మీద ఆధారపడలేము.

జాలరిపేట యువకుడు:
అందరూ చర్మం గురించే మాట్లాడుతున్నారు, మా పేటలో కళ్లు చూడండి. మా నాన్నగారు వయసంతా వేటకు వెళ్లినవారు. ముక్కు వైపు నుంచి నల్లగుడ్డు మీదికి కండ పెరిగి చూపు మసకబారితే ఆపరేషన్ చేయించాము. దానిని టెరీజియం అంటారని, ఎండా గాలీ దుమ్మూ కారణమని వైద్యుడు చెప్పారు. నీటి మీదా ఇసుక మీదా పడిన కిరణాలు తిరిగి కింది నుంచి కంటికి తగులుతాయి కనుక తలపాగా ఒక్కటే చాలదు. అంచులు కప్పే నల్లద్దాలు కావాలి, వాటిపై యూవీ400 (యూవీ కిరణాలను ఆపుతాయనే గుర్తు) అని ఉందో లేదో చూడాలి. బీచ్ రోడ్డులో చవకగా అమ్మే రంగు అద్దాలు కొన్ని కిరణాలను ఆపవు, పైగా వాటి చీకటికి కంటిపాప విచ్చుకుని కిరణాలు మరిన్ని లోపలికి పోతాయి.

సిడ్నీలోని విశాఖవాసి:
బ్రెజిల్ 2009లోనే ట్యానింగ్ బెడ్లను నిషేధించింది. ఆస్ట్రేలియాలో చాలా రాష్ట్రాలు 2015 నాటికి, పశ్చిమ ఆస్ట్రేలియా 2016లో వ్యాపార ట్యానింగ్ కేంద్రాలను మూసివేయించాయి. ఇక్కడ వాతావరణ వార్తలలో యూవీ సూచిక (ఆ కిరణాల తీవ్రతను తెలిపే అంకె) కూడా చెబుతారు, అది 3 గానీ అంతకు మించి గానీ ఉంటే టోపీ, నిండు చేతుల చొక్కా, సన్‌స్క్రీన్ తప్పనిసరి అంటారు. విశాఖలో మధ్యాహ్నం అది వేసవిలో 11 దాటిన రోజులుంటాయి, అయినా మనవాళ్లు చూసేది ఉష్ణోగ్రత ఒక్కటే. సముద్రపు గాలికి ఒళ్లు చల్లగా ఉన్నా కిరణాలు తగ్గవు, పలుచని మబ్బూ వాటిని పెద్దగా ఆపదు.

సీతమ్మధార వాసి:
నాకు చర్మవ్యాధి అయిన సోరియాసిస్‌కు ఆసుపత్రిలో కాంతిచికిత్స చేశారు. అదీ ట్యానింగ్ బెడ్ లాంటిదే కదా అని మా బంధువులు భయపెట్టారు. ఆ దీపం ఇచ్చేది 311 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గరి ఇరుకైన శ్రేణి యూవీ-బీ. చర్మం తట్టుకునే తీరు చూసి మోతాదు లెక్కగట్టి, కళ్లకు అద్దాలు పెట్టి ఇస్తారు. రెండింటినీ ఒకే గాటన కట్టి ఎవరూ చికిత్స మానుకోకండి.

ఉక్కునగరం గృహిణి:
అందరికీ ధన్యవాదాలు. అమ్మాయి విశ్వవిద్యాలయ ఆరోగ్యకేంద్రంలో చూపించుకుని మాత్రలు మొదలుపెట్టింది. మావారు మాత్రం చామనఛాయ మాట వదలడం లేదు. ఆయన బీపీ మాత్రలో హైడ్రోక్లోరోథయాజైడ్ కూడా ఉంది, దానికీ ఎండకూ సంబంధం ఉందా?

విశ్రాంత నర్సు:
ఉంది. ఆ మందు చర్మాన్ని ఎండకు మరింత సున్నితం చేస్తుంది, మొటిమలకిచ్చే డాక్సీసైక్లిన్ కూడా అంతే. సొంతంగా మాత్ర ఆపవద్దు, వైద్యుడికి చెప్పి అడగండి. చామనఛాయ విషయంలో మీవారి మాటలో కొంత నిజముంది: చర్మానికి రంగునిచ్చే మెలనిన్ వల్ల మనవారిలో చర్మ క్యాన్సర్ తక్కువ. అయితే మంగు మచ్చలకూ, కళ్లలో శుక్లాలకూ ఆ రక్షణ సరిపోదు. ఇక మనలో మెలనోమా వచ్చినప్పుడు తరచుగా అరికాళ్లలో, గోళ్ల కింద వస్తుంది. అది ఎండ వల్ల వచ్చేది కాదు, కానీ అక్కడ ఎవరూ చూసుకోరు కనుక ఆలస్యంగా బయటపడుతుంది. గోటి కింద కొత్తగా నల్లచార వచ్చి వెడల్పవుతుంటే చూపించుకోమనండి.