‘పలికెడిది’లో ‘ది’ ఎవరిది?

కాజీపేట జంక్షన్:
అందరికి నమస్తే. రాత్రి మా పిల్లగాడు పాత స్టార్ ట్రెక్ పెట్టిండు. నెక్స్ట్ జనరేషన్‌ల 1989 నాటి ‘ది మెజర్ ఆఫ్ ఎ మ్యాన్’. అంతరిక్ష ఓడల ఆఫీసర్‌గ పనిచేసే మరమనిషి డేటాను విప్పదీసి చూస్తనని మ్యాడాక్స్ అనే సైంటిస్టు వచ్చే కథ, ఇక్కడ సగం మందికి ఎరుకే. మా అమ్మ పక్కకు కూసొని ‘ఏమంటున్నర్రా’ అని అడుగుతుంటే నేను తెలుగు చేసి చెప్తున్న. కోర్టుల డేటాకు ఎదురు వాదించాల్సొచ్చిన తోటి ఆఫీసర్ రైకర్, డేటా చెయ్యి ఊడదీసి, మీట నొక్కి పడుకోబెట్టి, దారాలు తెగిన బొమ్మ అన్నట్టు మాట్లాడుతడు గద. అక్కడ అమ్మ ‘పలికెడిదొకటట, పలికించెడివాడొకడట’ అన్నది. ఎక్కడిదే అంటే ‘మా నాయిన అంటుండె’. అంతే, ముందుదీ లేదు, వెనుకదీ లేదు. మా తాతది పాలకుర్తి దిక్కు. ‘పలికెడిది భాగవతమట, పలికించెడివాడు రామభద్రుండట’ అనే పోతన పద్యం నాకు నోటికొస్తది, ఇది అది కాదు. ఎవలకన్న తెలుసా?

ఇంకో చిక్కు. చివర్ల మ్యాడాక్స్ నోట్లెకెళ్లి మొదటిసారి ‘హీ’ వస్తది. ‘నువ్వు ఇట్ అనలేదు’ అని జడ్జి పట్టుకుంటది. కథకు అదే ప్రాణం. నేను ‘నువ్వు “అది” అనలేదు’ అని చెప్తే అమ్మ: ‘అది అంటె ఏమైతది? మీ నాయిన నన్ను నలభై ఏండ్లు అదే అన్నడు.’ నా దగ్గర జవాబు లేదు.

పాత తాళపత్రం:
మీ తాతగారు పోతననే సగం మరిచి, సగం అల్లి ఉంటారు. ‘భాగవతమట’ పోయి ‘ఒకటట’ వచ్చింది, ‘రామభద్రుండట’ పోయి ‘ఒకడట’ వచ్చింది. ఛందస్సు చూడండి. కందం మొదటి పాదానికి నాలుగేసి మాత్రల గణాలు మూడు కావాలి. ‘పలికెడి – దొకటట’, రెండే. నాలుగు మాత్రలు తక్కువ.

హన్మకొండ సారు:
తాళపత్రం గారూ, సగమే లెక్క పెట్టిండ్రు. రెండో ముక్క చూడండి: పలికిం – చెడివా – డొకడట. మూడు చతుర్మాత్రా గణాలు, స, స, నల. ఎక్కడా తొణకలేదు. ప్రాసస్థానంల ‘లి’ ఉండనే ఉన్నది. కందంల మూడో పాదానికి గూడ మూడు గణాలే గద. అంటే ఇది ఏదో చాటువుల మూడో పాదం, మొదటి పాదం వాళ్ల నోట్ల అరిగిపోయింది. పాలకుర్తి దిక్కు అంటున్నరు, అటు తోలుబొమ్మలోళ్లు ఆడిన ఊర్లు ఉంటయి. ‘పలికెడి బొమ్మ యొకటియట’ అని పెట్టి చూడండి. పలికెడి – బొమ్మయొ – కటియట. పన్నెండు మాత్రలు అతికినట్టు కూసున్నయి.

పాత తాళపత్రం:
పూరించడం వేరు, దొరకడం వేరు సారూ. మీరు అవధానం చేస్తున్నారు.

మడికొండ మిర్చి:
మాత్రలు తర్వాత లెక్కపెట్టుకోండి. అమ్మ అడిగిన దానికి ఒక్కరన్న జవాబు చెప్పిండ్రా? బాలవ్యాకరణంల చిన్నయసూరి ఏమన్నడు? స్త్రీలు, తిర్యక్కులు, జడాలు కానివే మహత్తులు, ‘వచ్చిండు’ అనిపించుకునేటివి. అంటే మమ్మల్ని, గొడ్డును, టోస్టర్‌ను ఒకే వరుసల నిలబెట్టి ‘వచ్చింది’ అన్నడు. ఆ జడ్జి గూడ మొదాల డేటాను టోస్టర్ అనే తీర్పు చెప్పింది. గందుకే తెలుగుల ‘అది’ అంటె అక్కడి ‘ఇట్’ అంత దెబ్బ తగలది. మనకు అలవాటైన దెబ్బ.

కాజీపేట జంక్షన్:
అక్కా, మరి ఎట్ల తెలుగు చేయాలె? ‘గొప్పది’, ‘గొప్పోడు’ అని తేడా చూపెట్టాల్నా?

మడికొండ మిర్చి:
తమ్మీ, ఏకవచనంల కొట్లాడకు, బహువచనంలకు పో. అక్కడ మమ్మల్ని మనుషులల్ల కలుపుతరు. ‘ఆడోళ్లు వచ్చిండ్రు’ అంటరు, టోస్టర్లు మాత్రం ‘వచ్చినయి’. ‘రైకర్, డేటా వచ్చిండ్రు’ అనంగనే అయిపాయె. ఓడల ఉన్నోడు ఎవడైనా ‘వచ్చినయి’ అంటడా?

పాత తాళపత్రం:
ఇది చెల్లదమ్మా. రైకర్ ఉన్నాడు కాబట్టి ‘వచ్చారు’ అయింది. ‘రైతూ ఎద్దులూ వస్తున్నారు’ అనమా? అంతమాత్రాన ఎద్దు మహత్తు అవుతుందా? పరీక్ష పెట్టాలంటే డేటాను, వాళ్లన్న లోర్‌ను ఇద్దరినే నిలబెట్టండి. డేటా, లోర్ వచ్చారా? వచ్చాయా?

హన్మకొండ సారు:
‘ఇద్దరినే’ అన్నరు. ‘రెండింటినే’ అనలేదు. ‘వాళ్లన్న’ అని గూడ అన్నరు. మ్యాడాక్స్ లెక్కనే దొరికిండ్రు.

పాత తాళపత్రం:
చేతి పొరపాటు.

ఒంటిమిట్ట వాణ్ని:
సందు దొరికింది కాబట్టి అడుగుతుండా. పోతన పద్యం మీద ఇంత చర్చ జరుగుతాంటే పోతన ఊరని చెప్పే ‘ఏకశిలానగరం’ ఏదో ముందు తేల్చకూడదా? మా ఒంటిమిట్ట కోదండరాముడే ఆ ‘పలికించెడివాడు’.

హన్మకొండ సారు:
మళ్ల వచ్చిండు. అన్నా, బమ్మెర పాలకుర్తి పక్కనే ఉన్నది, ఓరుగల్లును ఏకశిలానగరం అన్నది నిన్న మొన్న కాదు. మీ రాముడి మీద మాకు భక్తి ఉన్నది. పోతనను మాత్రం అడుగొద్దు.

ఒంటిమిట్ట వాణ్ని:
పంచాయితీకి రాలేదు సార్, పద్యానికి వచ్చినా. నా అనుమానం వేరే. ‘పలికెడిది భాగవతమట’ అంటే పలకబడేది భాగవతం అనే అందరూ చెప్తారు. ‘చదివే పుస్తకం’ అన్నట్టు. ‘చదివే పిల్లోడు’ అన్నట్టు ఎందుకు తీసుకోకూడదు? పలికేది, అంటే నోరు తెరిచేదే భాగవతం. పోతన ఉత్త మీట.

పాత తాళపత్రం:
మరి రెండో పాదం చివర ‘నే’ పెట్టి, మూడో పాదంలో ‘పలికిన’ అన్నాడు కదా? పలికేవాడు తానేనని అక్కడ చెప్పుకున్నాడు. కాబట్టి మొదటి పాదంలో ‘ది’ కర్మే, కర్త కాదు.

ఒంటిమిట్ట వాణ్ని:
‘నే’ అన్నాడు, నిజమే. డేటా కూడా కోర్టులో ‘నేను’ అనే అన్నాడు. ఆ ‘నేను’ ఉందా లేదా అన్నదే గదా కేసు.

హన్మకొండ సారు:
ఇది మాత్రం బాగున్నది. ఒంటిమిట్టకు ఒక మార్కు. నన్నడిగితే ఆ పద్యంల అసలు కీలకం ‘ది’ కాదు, ‘అట’. మూడు సార్లు ‘అట’ అన్నడు. నాకు తెల్వది, అనుకుంటున్నరు, విన్న అని. నాలుగో పాదంల ‘పలికెద’ అన్నప్పుడు ‘అట’ లేదు. పోతనను చదువుకుంట పోతే నాకు ఎప్పుడూ అక్కడ్నే గొంతు ఆగుతది. పొలం దున్నుకుని బతికిండని చెప్పుకునే మనిషి, రాజులకు అంకితమియ్యనన్నోడు, మూడు పాదాలు వినికిడి మీద నిలబెట్టి నాలుగో పాదం తన మీద వేసుకున్నడు. గజేంద్రుడు గూడ అంతే. మూడు పాదాలు ‘కలడందురు’, ‘కలడందురు’. ఆఖర్ల ‘కలడు కలండనెడివాడు కలడో లేడో’.

పాత తాళపత్రం:
‘అనెడువాడు’ అని విన్నాను నేను. ‘డి’ కాదు, ‘డు’.

హన్మకొండ సారు:
మా బడిల ‘డి’.

పాత తాళపత్రం:
మా బడిలో ‘డు’.

భద్రకాళి చెరువుకట్ట:
అక్షరాల పంచాయితీ అంటున్నరు గనుక, ‘డేటా’నా ‘డాటా’నా తేల్చండి. ఓడల డాక్టర్ పులాస్కీ, 1988ల తను వచ్చిన మొదటి ఎపిసోడ్‌లనే డాటా అంటది. తేడా ఏముందని అడిగితే ఒకటి నా పేరు, ఇంకోటి కాదు అంటడు. మన దగ్గర రీచార్జి దుకాణంల నిలబడుండి, అందరు పులాస్కీలే. ‘డాటా అయిపోయింది.’

మడికొండ మిర్చి:
పేరు సరిగ పలకకపోవుడు గూడ ఒక తీరు చిన్నచూపే. పట్నంల చదివినప్పుడు నా ఊరి పేరు ‘మడి’ దీర్ఘం తీసి ‘మాడికొండ’ అనేటోళ్లు. పెదవి మీద నవ్వు, మర్యాదల ఏం తక్కువ లేదు. పులాస్కీ కంటె నాకు హాబ్సన్ నచ్చుతడు. 1991ల ‘రిడెంప్షన్’ రెండో భాగం, డేటా సదర్లాండ్ ఓడకు కెప్టెన్‌గ పోయినప్పుడు కింద ఉన్న ఆఫీసర్. ఆండ్రాయిడ్ కింద పనిచేయ, బదిలీ ఇయ్యుండి అని మొహం మీద అడుగుతడు. దాపరికం లేదు.

కాజీపేట జంక్షన్:
అక్కా, డేటా గొంతు పెంచినంక గదా హాబ్సన్ మాట విన్నది. డేటాకు కోపం రాదు, అయినా కోపం వచ్చినట్టు అరవాల్సి వచ్చింది. అది పలికిందా, ఎవరన్న పలికించిండ్రా?

హన్మకొండ సారు:
దానికి కాళోజీ సరిపోతడు. బడి పలుకుల భాష వేరు, పలుకుబడుల భాష వేరు అన్నడు గద. డేటాది మొత్తం బడి పలుకు. ఇంగ్లీషుల పొట్టి చేసిన మాటలు, ‘డోంట్’, ‘కాంట్’ అనేటివి వానికి రావని పేరు. హాబ్సన్ దగ్గర మొదటిసారి పలుకుబడి దొరికింది.

భద్రకాళి చెరువుకట్ట:
‘రోబోట్’ మాట తీయకుండ ఎట్ల ఉంటరు? 1920ల చాపెక్ నాటకం. చెక్ భాషల ‘రొబొత’ అంటె దొరకు ఊరికె చేసే పని. మన దగ్గర దానికి పేరు వెతకాల్నా? వెట్టి. మరమనిషి, యంత్రమానవుడు అని అల్లుకున్నరు గని ‘వెట్టిమనిషి’ అంటె సరిగ్గ మూలానికి అందుతుండె. ‘మెజర్ ఆఫ్ ఎ మ్యాన్’ల ఓడ బారు నడిపే గైనన్ కెప్టెన్ పికార్డ్‌కు చెప్పేది గూడ అదే, పారేసుకునే మనుషుల తరాలు తయారుచేస్తున్నరని. గైనన్ ఆ మాట అంటుంటె పాలకుర్తి యాదికొచ్చింది నాకు. దొరకు ఎదురు తిరిగిన ఐలమ్మ ఊరు గద.

పాత తాళపత్రం:
వ్యుత్పత్తి ఒప్పుకుంటాను. ‘వెట్టిమనిషి’ మాత్రం నిలవదు. వెట్టి చేసేవాణ్ని మనం ‘వాడు’ అనే అన్నాం. తిడుతూ అన్నాం, ‘అది’ అనలేదు. వ్యాకరణంలో మహత్తుగా ఉండి బతుకులో లేడు. మ్యాడాక్స్ ‘హీ’ అన్నంత మాత్రాన పొంగిపోకండి.

మడికొండ మిర్చి:
తాళపత్రం గారు గూడ ఒక మంచి మాట అన్నరు. తారీఖు రాసుకోండి.

మరొకటి. ‘రాలే’ అన్నప్పుడు ఎవరికీ తేడా లేదు, చూసిండ్రా? ఆయన రాలే, ఆమె రాలే, బస్సు రాలే, డేటా రాలే. వచ్చినప్పుడే గొడవంత. తమ్మీ, నువ్వు తెలుగు చేసేటప్పుడు అన్ని వాక్యాలు ‘లే’ మీద తిప్పుకో.

కాజీపేట జంక్షన్:
అట్లైతె మ్యాడాక్స్ నోట్ల ‘వీని అసుంటోడు లేడు’ అని పెడుత. కాదు, అక్కడ ‘లేడు’ వచ్చె. ‘లే’ పని చేయలే అక్కా.

ఇందాక పొద్దున చాయ్ తాగుకుంట అమ్మను మళ్ల అడిగిన. తాత ఎప్పుడు అనేటోడే అంటె, బావికాడ మోట కొట్టుకుంట అనేటోడట. పద్యమా, పాటనా అంటె ‘నాకేమెరుక, ఎద్దులను అదిలించుకుంట అంటుండె’ అన్నది. తర్వాత నన్నే అడిగింది, ‘ఆ పిల్లగానికి చెయ్యి మళ్ల పెట్టిండ్రా?’ అని. పెట్టిండ్రు అన్న. ‘పలికెడిదొకటట’ అంటె ఎవలను అన్నట్టే అని మళ్ల గుంజితే, ‘పలికెడిది అన్ననా? పలికెడివాడొకడట అన్ననేమో’ అన్నది.

పాత తాళపత్రం:
పలికెడి – వాడొక – డట. ఇప్పుడు రెండు మాత్రలే తక్కువ.