15 నెలలు నిండినా నడవట్లేదు, పిర్రల మీదే జరుగుతోంది – మీ పిల్లల్లో ఎవరైనా ఇలా చేశారా?

లడ్డూవాళ్ళమ్మ
అందరికీ నమస్తే, ఏడాది నుంచి ఇక్కడ చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు, ఇవాళ రాయక తప్పట్లేదు. మా పాపకి మొన్న 15 నెలలు నిండాయి. బోర్లా పడటం 5 నెలలకి, కూర్చోవడం 8వ నెలలో, అప్పటిదాకా బాగానే ఉంది, బొబ్బట్లు కూడా పంచేశాం. ఆ తర్వాత పాకుతుందని చూస్తే అసలు పాకనే లేదు. కుడి కాలు మడిచి, ఎడమ చెయ్యి నేలకి ఆనించి, పిర్రల మీద టకటకా జరుక్కుంటూ హాల్లోంచి వంటింట్లోకి వచ్చేస్తుంది, స్పీడు చూస్తే మీరు నమ్మరు, ప్యాంట్లన్నీ వెనకాల అరిగిపోయాయి. నిలబెడదామని చంకల్లో చేతులేసి ఎత్తితే కాళ్ళు రెండూ ముందుకి చాపేసి గాల్లోనే కూర్చుంటుంది, నేలకి ఆనించదు. పుట్టినప్పుడు 2.7 కిలోలు, ఇప్పుడు 8.6. మాటలు నాలుగైదు వచ్చు, బువ్వ, తాత, పో లాంటివి. పక్కింటి బాబు 10 నెలలకే పరిగెత్తాడు, దాంతో ఏ ఫంక్షన్‌కి వెళ్ళినా "ఇంకా అడుగులు వెయ్యలేదా" అనే ప్రశ్నే. వాకర్ కొనమని మా అమ్మ, వద్దని మా ఆయన. మీ అనుభవాలు చెప్పండి ప్లీజ్.

నల్గొండ_డాడీ
ఏం గాదక్కా, మా పోరడు 16 నెలలకు నడిచిండు, ఇప్పుడు నాలుగేండ్లు, ఆపుదామంటే ఆగుతలేడు. కానీ వాకర్ మాత్రం తేవద్దు. మేం తెచ్చినం, చుట్టాలెవరో ఇచ్చిన్రు. నేను ఫోన్ మాట్లాడుతున్న, రెండు నిమిషాలు గూడ కాలే, వాడు వాకర్ల ఉరుక్కుంట పోయి గడపకు తట్టుకొని వాకర్ తోని సహా మెట్ల మీద పడ్డడు. నుదుటి మీద మూడు కుట్లు. గుర్తు ఇంకా ఉన్నది. ఆ రోజే దాన్ని పాత సామాన్లోనికి ఇచ్చేసినం.

పిల్లల_ఫిజియో
నేను పిల్లల ఫిజియోథెరపీ చేస్తాను, నల్గొండ అన్న చెప్పినట్టు వాకర్ దెబ్బలు మేం తరచూ చూస్తాం. కెనడాలో 2004 నుంచి వాకర్ల అమ్మకాన్నే నిషేధించారు. పైగా అందులో పిల్ల ముని వేళ్ళతో నెట్టుకుంటూ పోతుంది తప్ప ఒంటి బరువు కాళ్ళ మీద మోయడం, తూలితే నిలదొక్కుకోవడం నేర్చుకోదు, తన పాదాలు కూడా తనకి కనపడవు. కాబట్టి వాకర్‌తో నడక తొందరగా వస్తుందనేది ఉత్త మాట.

నెలల సంగతికొస్తే, ప్రపంచ ఆరోగ్య సంస్థ 5 దేశాల్లో 816 మంది పిల్లల్ని గమనించి 2006లో కొన్ని హద్దులు ఇచ్చింది, అందులో ఢిల్లీ పిల్లలు కూడా ఉన్నారు. ఏ ఆసరా లేకుండా నడవడం 8.2 నెలల నుంచి 17.6 నెలల మధ్య ఎప్పుడైనా రావచ్చు. అంటే మీ పక్కింటి బాబూ, మీ పాపా ఇద్దరూ ఆ హద్దుల్లోనే ఉన్నారు. ఇంకోటి, ఆ పిల్లల్లో నూటికి నలుగురు చేతులూ మోకాళ్ళ మీద పాకనే లేదు, పాకకుండానే లేచి నడిచేశారు.

మీరు చెప్పిన "గాల్లో కూర్చోవడం" పిర్రల మీద జరిగే పిల్లల్లో మామూలే. బోర్లా పడుకోవడం కూడా వీళ్ళకి నచ్చదు. కూర్చుని ఉండగానే చోటు మారే ఉపాయం దొరికాక లేచి నిలబడాల్సిన అవసరమేముంది వాళ్ళకి? అందుకే ఇలాంటి పిల్లలు మిగతావాళ్ళ కంటే కొన్ని నెలలు ఆలస్యంగా నడుస్తారు, ఏడాదిన్నర దాటినా ఆశ్చర్యం లేదు. చాలాసార్లు ఇది వంశంలో వచ్చేదే, మీ వైపో మీ ఆయన వైపో పెద్దవాళ్ళని ఒకసారి అడగండి. కాకపోతే నాకు రెండు విషయాలు చెప్పండి: చేతులు రెండూ సమానంగా వాడుతుందా, ఎప్పుడూ ఒకవైపే తోసుకుంటుందా? ఒళ్ళు మరీ వదులుగా గానీ బిగుసుకున్నట్టు గానీ ఉంటుందా?

డల్లాస్_మామ్
ఇక్కడ అమెరికాలో సీడీసీ (ప్రభుత్వ ఆరోగ్య సంస్థ) వాళ్ళు ఏ వయసుకి ఏం రావాలనే లిస్టుని 2022లో మార్చారు, పాకడం అనేదే తీసేశారు అందులోంచి. 15 నెలలకి సొంతంగా కొన్ని అడుగులు, 18 నెలలకి పట్టుకోకుండా నడవడం అని ఉంటుంది. మా చిన్నోడు 14 నెలలప్పుడు మా అత్తగారు ఇండియా నుంచి రోజూ వీడియో కాల్‌లో "నడిచాడా నడిచాడా", చివరికి నేను కాల్ ఎత్తడమే మానేశా లోల్.

రెండునెలలముందు
మా పాప 32 వారాలకే పుట్టింది. 15 నెలలప్పుడు నేనూ ఇలాగే ఏడ్చా, అప్పుడు డాక్టర్ గారు 8 వారాలు తీసేసి లెక్కపెట్టమన్నారు, అంటే లెక్క ప్రకారం 13 నెలలే. రెండేళ్ళ దాకా అలాగే చూడాలంట. నెలలు నిండకుండా పుట్టినవాళ్ళెవరైనా చదువుతుంటే ఇది గుర్తుపెట్టుకోండి, ఎవరూ చెప్పరు.

కడపోళ్ళకోడలు
మా అవ్వ ఉంటే ఒకటే మాట చెప్తాండె, "యాడికి పోతాదిమే, నడిస్తాదిలే" అని. మా ఊర్లో వడ్రంగాయన చేసిచ్చిన మూడు చక్రాల చెక్క బండి మా ఇంట్లో నలుగురు పిల్లోళ్ళు తోసినారు. అది వాకర్ మాదిరి కాదు, పిల్ల నిలబడి వెనక నుంచి తొయ్యాల, తొయ్యకుంటే బండి కదలదు. అయితే ఫస్టు నిలబడటం రావల్లకదా, మీ పాప ఇంకా నిలబడలే అంటాండారు.

ఆలస్యంగా_తెలిసింది
అందరూ పర్లేదు పర్లేదు అంటుంటే నాకు భయమేసి రాస్తున్నా. మాకూ అలాగే అన్నారు. మా బాబు 17 నెలలకి నడక మొదలుపెట్టాడు, నడుస్తున్నాడు కదా అని సంబరపడ్డాం, కానీ బాతులాగా ఒక పక్కకి ఒరిగి నడిచేవాడు. ఎముకల డాక్టర్ దగ్గరికి వెళ్ళేసరికి 20 నెలలు, ఎడమ తుంటి కీలు పుట్టినప్పటి నుంచి జారి ఉందన్నారు. ఆపరేషన్, ఆ తర్వాత నడుం నుంచి కాలి దాకా కట్టు, మండు వేసవిలో, మూడు నెలలు. వెనక్కి తిరిగి చూస్తే గుర్తులు ముందే ఉన్నాయి, నాప్కిన్ మార్చేటప్పుడు ఎడమ కాలు కుడి కాలంత పక్కకి తెరుచుకునేది కాదు, తొడ మీద ముడతలు రెండు కాళ్ళకీ సమానంగా ఉండేవి కావు. నెలనెలా టీకాలకి వెళ్ళాం, ఎవరూ తుంటి చూడలేదు, నేనూ అడగలేదు. మిమ్మల్ని భయపెట్టాలని కాదు, ఒక్కసారి చూపించండి అంతే.

పిల్లల_ఫిజియో
పై మాట నూటికి నూరుపాళ్ళు నిజం. ఎదురుచూడటం వేరు, చూపించకుండా ఉండటం వేరు. తుంటి, కండరాలు, మణికట్టు దగ్గర ఎముక ఉబ్బుగా ఉందా (విటమిన్ డి, కాల్షియం తక్కువైతే అలా అవుతుంది), రక్తం ఎలా ఉంది, ఇవన్నీ ఒక్క విజిట్‌లో తేలిపోతాయి. 18 నెలలు నిండినా నడవకపోతే మాత్రం ఎవరేమన్నా ఆగొద్దు. మగపిల్లలైతే కండరాల జబ్బు ఏమైనా ఉందా అని సీపీకే అనే రక్తపరీక్ష కూడా చేయించాలి. వచ్చిన పని మళ్ళీ పోతే, అంటే నిన్నటిదాకా కూర్చున్న పిల్ల ఇవాళ కూర్చోలేకపోతే, ఏ వయసైనా సరే వెంటనే వెళ్ళాలి.

అంగన్‌వాడీ_టీచరమ్మ
బరువు సంగతి ఎవరూ మాట్లాడలేదు కాబట్టి నేను చెప్తా. 15 నెలల ఆడపిల్లకి సగటు 9.6 కిలోలు, 7.6 కంటే తగ్గితే తక్కువ బరువు కింద లెక్క. మీ పాప 8.6, అంటే సన్నమే గానీ భయం లేదు. మేం ఒక్క నెల బరువు చూసి ఏమీ అనం, కార్డులో గ్రాఫ్ గీత ఎటు పోతోందో చూస్తాం, పైకి పోతుంటే సరే, రెండు మూడు నెలలు అడ్డంగా పడుకుందంటే అప్పుడు ఇంటికెళ్ళి ఏం పెడుతున్నారని అడుగుతాం. ఏడాది దాటాక పిల్లలు మెల్లగానే పెరుగుతారమ్మా, మొదటి ఏడాది మూడింతలైన పిల్ల రెండో ఏడాదంతా కలిపి రెండున్నర కిలోలు పెరిగితే గొప్ప, తల్లులు అది తెలియక "తినట్లేదు" అని సెల్లు చూపించి కుక్కుతారు. మీ దగ్గర్లో సెంటర్ ఉంటే బరువు, ఎత్తు రెండూ రాయించుకోండి. నడక ఆలస్యమైతే జిల్లా ఆసుపత్రి దగ్గర పిల్లలకి ఉచితంగా చూసే కేంద్రం కూడా ఉంటుంది, మా దగ్గర నుంచే పంపిస్తాం.

లడ్డూవాళ్ళమ్మ
అందరికీ చాలా చాలా థాంక్స్. ఫిజియో గారూ, చేతులు రెండూ బాగానే వాడుతుంది, ఒక్కోసారి అటు మార్చి కుడి చేత్తో కూడా తోసుకుంటుంది. మొన్న పిల్లల డాక్టర్‌కి చూపించాం, నేనే అడిగి మరీ తుంటి చూపించా, రెండు కాళ్ళూ సమానంగానే ఉన్నాయన్నారు. రక్తం కొంచెం తక్కువుందని ఐరన్ చుక్కలు రాశారు. నెలన్నర ఆగి రమ్మన్నారు.

ఇంకో విషయం. ఇంటికొచ్చి మా అత్తయ్యని అడిగా, ఇంట్లో ఎవరైనా ఇలా చేశారా అని. ఆవిడ చాలా తాపీగా "వీడూ అంతేగా, ఏడాదిన్నర దాటాక నడిచాడు, చెడ్డీలన్నీ చిరిగిపోయేవి, మా ఆడపడుచు కూతురూ అంతే" అన్నారు. మూడు నెలల నుంచి నేను నిద్రపోకుండా గూగుల్ చేస్తుంటే ఈ మాట ముందే చెప్పొచ్చు కదా అత్తయ్యా!! మా ఆయన అక్కడే కూర్చుని నవ్వుతున్నాడు.

పిల్లల_ఫిజియో
హహ, నేను ముందే అన్నానుగా. ఇంట్లో ఒక పని చెయ్యండి. తన మోకాలి ఎత్తుండే చిన్న చెక్క పీట మీద కూర్చోబెట్టండి, పాదాలు రెండూ నేలకి పూర్తిగా ఆనాలి, చెప్పుల్లేకుండా. ఎదురుగా మంచం మీద తనకిష్టమైనది ఏదైనా పెట్టండి. మొదట చెయ్యి చాపుతుంది, అందదు, అప్పుడు ముందుకి వంగి కాళ్ళ మీద బరువు వేస్తుంది. మీరు ఎత్తి నిలబెట్టొద్దు, తొడల దగ్గర కొంచెం ఆసరా ఇవ్వండి చాలు. రోజుకి నాలుగైదుసార్లు, ఏడిస్తే ఆపెయ్యండి.

లడ్డూవాళ్ళమ్మ (రెండు నెలల తర్వాత)
అప్‌డేట్ ఇద్దామని వచ్చా. పీట ఐడియా మొదటి వారం అస్సలు పని చెయ్యలేదు, పీట మీంచి కిందకి జారి పిర్రల మీద వెళ్ళిపోయేది. తర్వాత బొమ్మ బదులు టీవీ రిమోట్ పెట్టా, లేచింది. 16న్నరకి మంచం పట్టుకుని నిలబడింది, దాని పక్కనే అటూ ఇటూ నడిచేది. గత ఆదివారం, 17 నెలల మీద 9 రోజులకి, మంచం వదిలేసి వాళ్ళ నాన్న వైపు నాలుగు అడుగులు. నేను వంటింట్లో ఉన్నా, అరుపు విని వచ్చేసరికి కింద కూర్చుని చప్పట్లు కొట్టుకుంటోంది, మొదటి అడుగులు నేను చూడనేలేదు 😭

అత్తయ్య అప్పటికప్పుడు బియ్యం నానబోశారు. పాకం కొంచెం ముదిరి అరిసెలు గట్టిగానే వచ్చాయి. వరసగా పేర్చి, పట్టు లంగా కట్టి, వీడియోకి అంతా రెడీ అయ్యి అరిసెల మీద నడవమంటే, మా మహాతల్లి మొదటి అరిసె దగ్గరే చతికిలబడి దాన్ని తీసి నాకేసి, చేత్తో పట్టుకుని పిర్రల మీద జరుక్కుంటూ బాల్కనీలోకి వెళ్ళిపోయింది.

నల్గొండ_డాడీ
ఆ వీడియో పెట్టక్కా ముందు 😂

కడపోళ్ళకోడలు
అరిసెలు మిగిలినాయా?