చిన్న కారుకు వేసవి టైర్లు: ఒక్క పేరు చెప్పండి

వేళచ్చేరి వాసి:
పొద్దున్నుంచి ఇదే పని, ఇప్పటికీ తేలలేదు. ఐరోపా పత్రికలు చిన్న కార్ల వేసవి టైర్లను పరీక్షించి వేసిన పట్టికలన్నీ చదివాను. ఒకదానిలో మొదట ఉన్నది ఇంకొకదానిలో ఎక్కడో అడుగున ఉంది. పోనీలే అని ఆ పేర్లు రాసుకుని ఇక్కడ చెన్నైలో టైర్ల దుకాణాలుండే జనరల్ ప్యాటర్స్ రోడ్డుకు వెళ్తే, సగం పేర్లు అక్కడ ఎవరూ విననే లేదు. ఒక దుకాణంలో మాత్రం "మీ సైజు స్టాకు లేదు సార్, ఇది వేసుకోండి, అదే రిమ్ముకు పడుతుంది, పైగా వెడల్పు" అని వేరొకటి చూపించారు. ధర కూడా తక్కువే. వచ్చే వారం ఇంటిల్లిపాదీ ఒంగోలు వెళ్లాలి, అదీ ఈ అగ్ని నక్షత్రం ఎండల్లో. నాలుగూ అరిగిపోయాయి. ఏది కొనాలి? ఒక్క పేరు చెప్పండి చాలు.

రెండో గేరు:
కారు ఏది? సైజు ఎంత?

గాలి మాస్టారు:
టైరు పేరు తరవాత, ముందు గాలి సంగతి చూడండి. ఎండకు గాలి వ్యాకోచించి టైరు పేలుతుందని భయపడి నాలుగైదు పీఎస్ఐ (గాలి పీడనం కొలత) తగ్గించి నడిపేవాళ్లు మన ఊళ్లో ఎంతమందో! చేయాల్సిన దానికి అది సరిగ్గా తలకిందులు. గాలి తక్కువైతే టైరు పక్కగోడ తిరిగిన ప్రతిసారీ ఎక్కువగా వంగుతుంది, ఆ వంగడంలోనే వేడి పుడుతుంది, ఆ వేడికే లోపలి పొరలు విడిపోతాయి. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే పెరిగే పీడనం సుమారు ఒకటిన్నర పీఎస్ఐ మాత్రమే. డ్రైవరు తలుపు దగ్గర స్టిక్కరు మీద ఉండే అంకె చల్లని టైరుకు చెప్పినది. తెల్లవారి బండి తీయక ముందే చూసుకోవాలి. టైరు మీద అచ్చు వేసి ఉండేది గరిష్ఠ పీడనం, దాన్ని చూసి కొట్టించకండి. ఇక నైట్రోజన్ అంటారా, మామూలు గాలిలోనే 78 శాతం అదే. డబ్బులిచ్చి మరీ

రెండో గేరు:
సైజు అడిగాను.

పాత స్టెప్నీ:
మాస్టారూ, ఆయన అడిగింది టైరు గురించి. వేళచ్చేరి గారూ, ఐరోపావాళ్లు వేసవి టైరు అనేది మన ఎండల కోసం చేసింది కాదు. ఉష్ణోగ్రత ఏడు డిగ్రీల కంటే కిందికి పడిపోతే ఆ రబ్బరు గట్టిపడి పట్టు వదులుతుంది, అందుకని వాళ్లకు చలికాలం టైర్లు వేరే ఉంటాయి. చెన్నైలో ఏడు డిగ్రీలు చూసినవారెవరు? ఆ లెక్కన ఇక్కడ దుకాణాల్లో ఉన్నవన్నీ వేసవి టైర్లే.

గాలి మాస్టారు:
అన్నీ ఎలా అవుతాయి? కొన్నింటి మీద "ఎం ప్లస్ ఎస్" (బురద, మంచు) అని ఉంటుంది. అవి అన్ని కాలాలవి.

పాత స్టెప్నీ:
ఆ ముద్రకు పరీక్షేమీ లేదు, తయారీదారు తానే వేసుకోవచ్చు. మంచుకొండ బొమ్మ ఉన్నదానికే మంచు మీద పరీక్ష.

వేళచ్చేరి వాసి:
సైజు చెప్పలేదా? మామూలు స్విఫ్ట్ అండీ, అందరికీ ఉండేదే. ఇప్పుడే కిందికి వెళ్లి చూశాను: 165/80 ఆర్14, పక్కన 85టి. దుకాణంవారు చూపించింది 175/65 ఆర్14, 82టి.

ఓఎంఆర్ యాత్రికుడు:
వేసేయండి. 80 మి.మీ. నుంచి 65 మి.మీ. అంటే తేడా ఎంతని? వెడల్పు పెరిగితే పట్టూ పెరుగుతుంది.

చేతిలెక్క:
వేయకండి. ఆ 80, 65 మిల్లీమీటర్లు కావు, టైరు పక్కగోడ ఎత్తు వెడల్పులో ఎంత శాతమో చెప్పేవి. 165లో 80 శాతం 132, 175లో 65 శాతం 114. కారు దాదాపు 18 మి.మీ. కిందికి దిగుతుంది, మన స్పీడు బ్రేకర్ల సంగతి మీకు తెలుసు. టైరు చుట్టుకొలత ఆరు శాతం తగ్గుతుంది కాబట్టి మీటరు చూపించే వేగమూ కిలోమీటర్లూ ఆ మేరకు పెరుగుతాయి. అసలు ప్రమాదం వేరే చోట ఉంది. 85 అంటే ఒక్కో టైరు మోయగల బరువు 515 కిలోలు, 82 అంటే 475. ఇంటిల్లిపాదీ, సామాను, మే నెల ఎండ, వీటి మధ్య టైరుకు 40 కిలోలు వదులుకుంటారా? వెడల్పే కావాలంటే 185/70 ఆర్14 ఎత్తు దాదాపు సరిపోతుంది, ఒక శాతం లోపే తేడా. నా మాట అడిగితే ఉన్న సైజే ఉంచండి.

ఓఎంఆర్ యాత్రికుడు:
శాతమైనా, మిల్లీమీటరైనా నా బండి బాగానే నడుస్తోంది.

తిరువొత్తియూరు:
చెన్నైలో ఉండి టైరు కోసం ఐరోపా పట్టికలు చూడడమేమిటండీ! ఎంఆర్ఎఫ్ 1946లో మా తిరువొత్తియూరులోనే పిల్లల బెలూన్లు చేస్తూ మొదలైంది. అపోలో ఒరగడంలో, జేకే శ్రీపెరుంబుదూరులో, మిషెలిన్ తేర్వాయ్ కండిగైలో. ఇంతకంటే దగ్గరగా ఎక్కడ దొరుకుతాయి?

పాత స్టెప్నీ:
ఫ్యాక్టరీ దగ్గరైతే టైరు తాజాగా ఉంటుందని లేదు. టైరు పక్కగోడ మీద డీఓటీ అక్షరాలతో మొదలయ్యే ముద్ర చివర నాలుగు అంకెలు, అంటే తయారైన తేదీ, చూడండి: 1225 అంటే 2025లో పన్నెండో వారం. గోదాములో రెండేళ్లు పడి ఉన్నది తీసుకోవద్దు. ఒక్క పేరు అడిగారు, రెండు చెబుతాను. తడి రోడ్డు మీద పట్టు కావాలంటే మిషెలిన్ ఎనర్జీ ఎక్స్ఎం2 ప్లస్. ఎక్కువ కిలోమీటర్లు కావాలంటే అపోలో అమేజర్ 4జీ లైఫ్. నేనైతే మొదటిదే. ఎండకు భయపడి కొంటున్నారు కానీ, ఈ టైర్లే అక్టోబరు నుంచి ఈశాన్య రుతుపవనాల వానలోనూ మిమ్మల్ని ఆపాలి. ఐరోపా పట్టికల్లో మనకు పనికొచ్చేది ఆ తడి బ్రేకు దూరం గడి ఒక్కటే. బిల్లులో జీఎస్టీ 18 శాతమే ఉందా చూసుకోండి, 2025 సెప్టెంబరులో 28 నుంచి తగ్గించారు.

గాలి మాస్టారు:
స్టెప్నీలో గాలి ఎప్పుడు చూశారు?

వేళచ్చేరి వాసి:
చూడలేదు. పాత సైజే దొరికింది, సాయంత్రం వేయిస్తున్నాను. థాంక్సండీ అందరికీ.

రెండో గేరు:
ఏది దొరికింది?

ఆల్టో 800:
మధ్యలో అడుగుతున్నందుకు క్షమించండి, 145/80 ఆర్12లో ఎక్స్ఎం2 ప్లస్ వస్తుందా?