‘ప్రోస్టేట్ వాచింది’ అనాలా, ‘పెరిగింది’ అనాలా?

ప్రశ్న:
నాన్నగారి పొట్ట స్కాన్ రిపోర్టులో ‘ప్రోస్టాటోమెగాలీ, గ్రేడ్ 2’ అని ఉంది. కింద ‘పోస్ట్ వాయిడ్ రెసిడ్యూ 70 సీసీ’ అని ఇంకో ముక్క. తమ్ముడు అది చూసి ‘పౌరుష గ్రంథి వాచిందట, రెండో గ్రేడట’ అని చదివి వినిపించాడు. అప్పట్నుంచీ ఆయన సరిగ్గా భోంచేయడం లేదు. దీన్ని ఆయనకి అర్థమయ్యే తెలుగులో ఎలా చెప్పాలి?

జవాబు:
నా పని రోజంతా స్కానింగ్ గదిలోనే, అందుకని రాస్తున్నాను. ముందు నాన్నగారిని కడుపునిండా తినమనండి. ప్రోస్టాటోమెగాలీ అంటే ప్రోస్టేట్ గ్రంథి పెరిగిందని. మీ తమ్ముడు చెప్పిన దాంట్లో ‘పౌరుష గ్రంథి’, ‘వాచింది’, ‘గ్రేడు’ మూడు మాటలూ పెడదారి పట్టించేవే.

టెన్షన్ అంతా గ్రేడు దగ్గరుంది. గ్రేడు, స్టేజి అనగానే మనవాళ్లకి క్యాన్సరే గుర్తొస్తుంది. ఈ రిపోర్టులో గ్రేడంటే సైజు, అంతే. గ్రంథి పొడవు, వెడల్పు, మందం కొలిచి, మూడూ గుణించి, వచ్చినదాన్ని మళ్లీ 0.52తో గుణిస్తాం. 5.0, 4.2, 4.4 సెంటీమీటర్లు వచ్చాయనుకోండి, 48 సీసీ అవుతుంది. (ఆ 0.52 ఎక్కడిదంటే, కోడిగుడ్డులాంటి ఆకారాల ఘనపరిమాణం సూత్రంలో ఉండే ‘పై బై ఆరు’.) ఒక సీసీ అంటే దాదాపు ఒక గ్రాము కాబట్టి కొందరు గ్రాముల్లో రాస్తారు. వయసులో ఉన్నవాళ్లకి ఇది 20, 25 గ్రాములుంటుంది. అక్కణ్ణించి ఎంత దాటితే గ్రేడ్ 1, ఎంత దాటితే 2 అన్నది ఒక్కో సెంటర్లో ఒక్కో లెక్క. క్యాన్సర్ గ్రేడు వేరే. బయాప్సీ ముక్కని మైక్రోస్కోపు కింద పెట్టి, కణాల అమరిక చూసి పెథాలజిస్టు ఇస్తాడు. గ్లీసన్ స్కోరు అంటారే, అది. పొట్ట మీద జెల్ రాసి చేసే స్కాన్‌లో అది రాదు గాక రాదు.

ఇక వాపు. వాపు చూసి బలుపనుకున్నట్టు అని సామెత కదా, ఇక్కడ తిరగబడింది: బలుపుని పట్టుకుని వాపంటున్నాం. ఇన్‌ఫెక్షన్ వల్ల ప్రోస్టేట్ నిజంగా వాచడం ఉంది, దాన్ని ప్రోస్టటైటిస్ అంటారు. చలిజ్వరం, మంట, నొప్పి ఉంటాయి. పెద్దవయసులో మామూలుగా వచ్చేది అది కాదు. మూత్రనాళం ప్రోస్టేట్ మధ్యలోంచి వెళ్తుంది. ఆ నాళాన్ని ఆనుకుని ట్రాన్సిషన్ జోన్ అని చిన్న భాగం ఉంది, కుర్రవయసులో మొత్తం గ్రంథిలో 5 శాతమే. వయసుతోపాటు పెరిగేది అదే. పెరిగి నాళాన్ని నొక్కుతుంది. వాపంటే వినేవాడు ‘నాలుగు మాత్రలేస్తే దిగిపోతుంది’ అనుకుంటాడు, దిగకపోతే ‘ఇంకేదో ఉంది’ అని భయపడతాడు. అందుకే ‘పెరిగింది’ అనండి. ‘గడ్డ’ మాత్రం అనకండి, ఆ మాట క్యాన్సర్ అనుమానానికి ఉంచుదాం. క్యాన్సర్ ఎక్కువగా పుట్టేది పెరిఫెరల్ జోన్లో, అంటే వెనకవైపు, మలద్వారంలోంచి వేలితో తడిమితే తగిలే చోట. నాళానికి దూరం కాబట్టి మొదట్లో మూత్రానికి ఏ ఇబ్బందీ లేకపోవచ్చు. అంటే ఇబ్బంది ఉంటే క్యాన్సరనీ కాదు, లేకపోతే క్యాన్సర్ లేదనీ కాదు.

పౌరుష గ్రంథి అన్న పేరు పెట్టినవాళ్ల మీద నాకు కొంచెం కోపం. టెస్టోస్టిరాన్ ప్రధానంగా తయారయ్యేది వృషణాల్లో. ప్రోస్టేట్ చేసేది వీర్యంలో కొంత ద్రవం కలపడం. ఈ పేరు విన్న మనిషి, భార్య గది బయటికి వెళ్లేదాకా ఆగి, గొంతు తగ్గించి ‘మరి నాకు ఇంక...’ అంటూ సగంలో ఆపేస్తాడు. ప్రోస్టేట్ అన్న మాట ఇప్పుడు పల్లెల్లోనూ నలిగింది. అదే వాడదాం.

మరో సభ్యుడు:
సుశ్రుతంలో ‘వాతాష్ఠీల’ ఉంది కదండీ. మన శాస్త్రంలో పేరుండగా గ్రీకు మాట ఎందుకు?

జవాబు:
ఉందండీ, ఉత్తరతంత్రంలో మూత్రాఘాతాల (మూత్రం అడ్డుపడే రోగాల) అధ్యాయంలో. మలమార్గానికీ బస్తికీ (మూత్రాశయానికీ) నడుమ, కదలకుండా, ఎత్తుగా, రాయిలా గట్టిగా ఉండే గ్రంథి అని వర్ణన. చోటు చూస్తే ప్రోస్టేటే అనిపిస్తుంది, ఆయుర్వేద వైద్యులు చాలామంది అలాగే అన్వయిస్తారు. కానీ అక్కడ గ్రంథి అంటే ముడి, గట్టిపడ్డ కణితి. రోగం పేరది. ఆరోగ్యంగా ఉన్నవాడి ఒంట్లో ఉండే అవయవానికి దాన్ని ఎలా పెడతాం? పైగా అష్ఠీల అంటే గుండ్రాయి అని వివరిస్తే, వినేవాళ్లు కిడ్నీలో రాళ్లనుకునే ప్రమాదం ఒకటి.

ప్రశ్న అడిగినవారు:
మరి ఆ 70 సీసీ సంగతి?

జవాబు:
ఒంటికి పోసొచ్చాక కూడా లోపల మిగిలిపోయిన మూత్రం అది. ‘ఇంకా 70 సీసీ మిగిలింది’ అనండి, ఆయనకి వెంటనే అర్థమవుతుంది. ఒక్కసారి చూసి బెంగపడక్కర్లేదు. స్కాన్ కోసం సీసాల కొద్దీ నీళ్లు తాగి, ఆగలేనంత బిగబట్టుకుని, హడావుడిగా వెళ్లొస్తే మామూలు మనిషికీ కొంత మిగులుతుంది. అనుమానముంటే ఇంకోసారి పంపి మళ్లీ చూస్తాం.

ఈ విషయంలో మన తెలుగు బంగారం. యూరాలజిస్టులు (మూత్రవ్యాధుల డాక్టర్లు) వాడే ప్రశ్నాపత్రం ఒకటుంది, 7 ప్రశ్నలు, 35 మార్కులు. ఆ ఏడూ మా దగ్గరికొచ్చే పెద్దవాళ్ల నోట్లో సిద్ధంగా ఉంటాయి: ‘ధార సన్నబడింది’, ‘ఆగి ఆగి వస్తోంది’, ‘ముక్కితే గానీ రాదు’, ‘పోసినా ఇంకా ఉన్నట్టే ఉంటుంది’, ‘గంట గంటకీ వెళ్లాలి’, ‘వచ్చిందంటే ఆపుకోలేను’, ‘రాత్రి నాలుగుసార్లు లేస్తున్నా’. వీటిని ఇంగ్లీషులోకి మార్చకండి. నాన్నగారు ఎలా అంటే అలాగే రాసుకుని యూరాలజిస్టు దగ్గరికి తీసుకెళ్లండి. గ్రంథి సైజు 30 సీసీకే అవస్థ పడేవాళ్లున్నారు, 80 సీసీ ఉన్నా హాయిగా నిద్రపోయేవాళ్లున్నారు. మందు ఇవ్వాలా వద్దా అన్నదానికి డాక్టరు సైజుతో పాటు ఈ మాటలూ చూస్తారు. ప్రోస్టేట్ క్యాన్సర్ అనుమానం ఉందేమో చూడ్డానికి చేసే పీఎస్ఏ రక్తపరీక్ష కావాలా అన్నది కూడా అప్పుడే అడగండి.