వెన్నులో ఇచ్చిన కాస్తంత మార్ఫిన్ నొప్పిని ఎలా ఆపుతుంది?

ప్రశ్న (సికింద్రాబాద్ నుంచి):
పోయిన నెల మా చెల్లెలికి ఇక్కడే ఒక ఆసుపత్రిలో సిజేరియన్ జరిగింది. వెన్నులో వేసిన సూదిలో బుపివకైన్ అనే తిమ్మిరి మందుతో పాటు 100 మైక్రోగ్రాముల మార్ఫిన్ కలిపామని మత్తు డాక్టరుగారు చెప్పారు. సాయంత్రానికి కాళ్లు కదిలాయి, స్పర్శ తెలిసింది, కానీ కుట్ల నొప్పి మర్నాటి వరకు పెద్దగా రాలేదు. ముఖమంతా దురద మాత్రం పెట్టింది. క్యాన్సర్‌తో బాధపడిన మా నాన్నగారికి నాలుగు గంటలకొకసారి 10 మిల్లీగ్రాముల మార్ఫిన్ మాత్ర వేసేవాళ్లం. అందులో నూరోవంతు మందు అంతసేపు ఎలా పనిచేసింది? స్పర్శ తిరిగొచ్చినా నొప్పి ఎందుకు రాలేదు?

జవాబు 1:
నేను నగరంలో మత్తు వైద్యుడిగా పనిచేస్తున్నానండి. గాయం నుంచి నొప్పిని మోసుకొచ్చే సన్నని నాడీతంతువులు వెన్నుపాము వెనుక కొమ్ములో ఆగి, తమ వార్తను మరో నాడీకణానికి అప్పగిస్తాయి. అది చేతులు మారే చోటనే, ముఖ్యంగా సబ్‌స్టాన్షియా జెలటినోసా అనే పొరలో, మ్యూ ఓపియాయిడ్ గ్రాహకాలు (మార్ఫిన్ వంటి పదార్థాలు వచ్చి అంటుకునే ప్రోటీన్లు) దట్టంగా ఉంటాయి. అవి నిజానికి మన శరీరమే తయారుచేసుకునే ఎన్‌కెఫలిన్ల వంటి పదార్థాల కోసం ఉన్నవి. మార్ఫిన్ వాటినే వాడుకుంటుంది.

మార్ఫిన్ అంటుకున్నాక, వార్త తెచ్చిన తంతువు కొసలో కాల్షియం ద్వారాలు సరిగా తెరుచుకోవు. కాల్షియం లోపలికి రానిదే వార్తను అవతలికి చేర్చే గ్లూటమేట్, సబ్‌స్టెన్స్-పి అనే రసాయనాలు తగినంతగా విడుదల కావు. అందుకోవలసిన కణంలోనేమో పొటాషియం ద్వారాలు తెరుచుకుని, పొటాషియం బయటికి పోవడంతో ఆ కణం లోపల రుణావేశం పెరిగి, కొద్దిపాటి రసాయనం అందినా అది ఉత్తేజం చెందదు. స్పర్శను మోసే లావు తంతువులపైనా, కండరాలను కదిలించే నాడులపైనా ఈ మందు ప్రభావం చాలా తక్కువ. బుపివకైన్ అలా కాదు: సోడియం ద్వారాలను మూసి స్పర్శనూ కదలికనూ కూడా ఆపుతుంది, కొన్ని గంటల్లో దిగిపోతుంది.

ఇక మోతాదు. మాత్రలోని మందులో చాలా భాగం కాలేయంలోనే మార్పు చెందుతుంది, మిగిలినది ఒళ్లంతా పంచుకుపోతుంది. వెన్నులో వేసినది నేరుగా ఆ గ్రాహకాల పక్కకే చేరుతుంది. పైగా మార్ఫిన్ కొవ్వులో అంతగా కరగదు కాబట్టి వెన్నుపాము చుట్టూ ఉన్న ద్రవంలో నిలిచి, 18 నుంచి 24 గంటలు పనిచేస్తుంది.

జవాబు 2:
నేను ఫార్మసీ చదువుతున్నాను. ఓపియాయిడ్ గ్రాహకాలు ఉన్నాయని ప్రయోగశాలల్లో రుజువైంది 1973లో. వెన్నులో వేసిన మార్ఫిన్ నొప్పిని తగ్గిస్తుందని ఎలుకలలో యాక్ష్, రూడీ చూపించింది 1976లో. 1979 నాటికే మనుషులకు ఇచ్చారు. ఇంత వేగంగా రోగి మంచం దాకా వచ్చిన పరిశోధనలు నాకు అరుదుగా కనిపిస్తాయి. దురద అలర్జీలో విడుదలయ్యే హిస్టమిన్ వల్లే కదా, సెట్రిజిన్ వేసి ఉండవలసింది.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. ఇంకొక్క సందేహం. ఆ రాత్రంతా నర్సులు గంటగంటకూ వచ్చి చూస్తుంటే చెల్లి నిద్ర లేక విసుక్కుంది. అది అవసరమేనా?

జవాబు 1 ఇచ్చినవారు:
చాలా అవసరం. ద్రవంలో నిలిచే ఆ గుణం వల్లనే మార్ఫిన్ మెల్లగా మెదడు కాండం వైపు పాకుతుంది. అక్కడ ఊపిరిని నడిపే కేంద్రంలోనూ ఇవే గ్రాహకాలున్నాయి. ఇంత తక్కువ మోతాదులో ప్రమాదం అరుదే అయినా, ఊపిరి మందగించడం సూది వేసిన చాలా గంటల తర్వాత రావచ్చు కనుక ఊపిరి లెక్క, మగత చూస్తారు. దురద విషయంలో పై మిత్రుడితో ఏకీభవించను. వెన్నులో ఇచ్చినప్పుడు అది ప్రధానంగా మ్యూ గ్రాహకాల వల్ల వచ్చేదే, అందుకే సెట్రిజిన్‌తో పెద్దగా తగ్గదు. భరించలేనంతగా ఉంటే ఆ గ్రాహకాల దగ్గర మార్ఫిన్‌ను అడ్డుకునే నలోక్సోన్ గానీ నాల్బుఫిన్ గానీ కొద్ది మోతాదులో ఇస్తాం. అది అలర్జీ కాదు కాబట్టి, మీ చెల్లెలు ముందుముందు తనకు మార్ఫిన్ పడదని డాక్టర్లకు చెప్పనవసరం లేదు.